ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే చెడిపోయినట్టేనా?

రిపేరు దుకాణానికి పోయేముందు మన ఇళ్లల్లో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి

మన బస్తీల్లో పిల్లలు పదో తరగతి దాటారంటే ఇంట్లో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది. కాలేజీ పనులు, ఆన్‌లైన్ పరీక్షలు, ఉద్యోగాల ఫారాలు అన్నీ దాంట్లోనే. కొత్తది కొనాలంటే రెండు మూడు నెలల పగారు ఒక్కసారే పోతుంది. అందుకని చాలామంది ఆఫీసులు వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌లు కొంటున్నారు. తప్పేం లేదు, మంచి పనే. కానీ పాతది కొన్నవాళ్లకు ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. మనల్ని మోసం చేశారేమో, లోపల చెడిపోయిన సామాను పెట్టారేమో అని.

ఆ భయాన్ని పెంచే అంకె ఒకటి తెర మీదే కనబడుతుంది. స్టిక్కర్ మీద, బిల్లు మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో చూస్తే 0.8 అని వస్తుంది. అంటే మూడో వంతు. రెండు కిలోల చక్కెరకు డబ్బులిచ్చి ఇంటికొచ్చి తూకం వేస్తే ముప్పావు కిలో కూడా లేనట్టు అనిపిస్తుంది.

భివండిలో ఒక సాంచల కార్మికుడి ఇంట్లో ఈ మధ్య ఇదే జరిగింది. డిగ్రీ చదివే బిడ్డ చూసి, "బాపూ, దీంట్ల 2.4 అని రాసి ఉంది గని 0.8 సుత దాటుతలేదు" అంది. ఇద్దరూ కలిసి దగ్గర్లోని రిపేరు దుకాణానికి పోయారు. దుకాణాయన అంకె చూసి, "ప్రాసెసర్ కమ్‌జోర్ అయింది అన్నా, మార్చాలె, నాలుగున్నర వేలైతయ్" అన్నాడు. చిట్టీ కట్టడానికి దాచిన పైసలు ఉన్నాయి. అవి తీసేలోపల బిడ్డ కాలేజీలో కంప్యూటర్ చెప్పే మేడమ్‌ను ఫోన్లో అడిగింది. ఆమె, "నాలుగైదు వీడియోలు ఒక్కసారే తెరిచి చూడమ్మా, అప్పుడు అంకె ఎంత వస్తుందో చెప్పు" అంది. తెరిస్తే అంకె 0.8 నుంచి ఎగిరి 2.8 దాకా పోయింది. ప్రాసెసర్‌కు ఏ రోగమూ లేదు. అది చేయాల్సిన పనే చేస్తోంది.

ఆ ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 6300యూ. 2015లో వచ్చినది, పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో బాగా కనబడేది. దాని మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, గట్టి పని పడితే 3.0 దాకా పోతుంది, పని లేకపోతే కిందికి దిగుతుంది. ఇంకో సంగతి కూడా అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి పల్చటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌ను బోర్డుకు టంకం పెట్టి అతికించేస్తారు. బల్బు ఊడదీసి ఇంకోటి పెట్టినట్టు దాన్ని మార్చే వీలు లేదు. మార్చాలంటే మామూలుగా బోర్డే మార్చాలి. కాబట్టి ఎవరైనా తేలిగ్గా "ప్రాసెసర్ మారుస్తాం" అంటే కాస్త ఆగి ఆలోచించండి.

మరి వేగం ఎందుకు తగ్గుతుంది? దాన్ని ఎవరు తగ్గిస్తారు? మనకు అర్థం కాని విద్య ఏమీ కాదిది. సాంచల మీద పనిచేసినవాళ్లకు అందరికంటే ముందు అర్థమవుతుంది.

ఖాళీ పుల్లీ మీద తిరిగే పట్టా

సాదా సాంచను గుర్తు చేసుకోండి. పేక తెగింది, హ్యాండిల్ పడింది, సాంచ ఆగింది. కానీ మోటారు ఆగదు. పట్టా పక్కనున్న ఖాళీ పుల్లీ మీదికి జరిగి తిరుగుతూనే ఉంటుంది. గుడ్డ నేయకపోయినా మీటరు తిరుగుతుంది. కుట్టు కార్ఖానాల్లో పాత క్లచ్ మోటార్లదీ ఇదే కథ. టైలరు గుడ్డ సర్దుకుంటున్నా, దారం ఎక్కిస్తున్నా, చాయ్ తాగుతున్నా కింద మోటారు రొదపెడుతూనే ఉంటుంది. ఇప్పుడు వచ్చిన సర్వో మోటారు అట్లా కాదు. కాలు నొక్కితేనే తిరుగుతుంది, కాలు తీస్తే ఆగుతుంది, ఎంత నొక్కితే అంత వేగం. ఈ మోటార్లు మార్చిన కార్ఖానాలో చెవులకు ఎంత హాయిగా ఉంటుందో పనిచేసినవాళ్లకు తెలుసు.

పాతకాలపు కంప్యూటర్ ప్రాసెసర్లు క్లచ్ మోటార్లలాంటివి. పని ఉన్నా లేకపోయినా ఒకటే వేగం. ఇప్పటివి సర్వో మోటార్లలాంటివి.

"ప్రాసెసర్‌కు ఖాళీ ఎక్కడిది, పిల్ల పొద్దుగూకులా టైపు చేస్తూనే ఉంది కదా" అనుకోవచ్చు. లెక్క వేసి చూద్దాం. సాదా సాంచ నిమిషానికి నూటికి పైగా పిక్కులు వేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం సెకనుకు 240 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. బాగా చేయి తిరిగినవాళ్లు సెకనుకు ఐదు అక్షరాలు కొడతారనుకుందాం. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య 48 కోట్ల సార్లు గడియారం కొట్టుకుంటుంది. ఒక అక్షరాన్ని తెర మీద పెట్టడానికి అందులో చిన్న ముక్క చాలు. మిగతా అంతా ఎదురుచూపే. మనం చదువుతున్నప్పుడు, ఆలోచిస్తున్నప్పుడు, ఎవరో పిలిస్తే లేచి పోయినప్పుడు ఇక చెప్పనక్కర్లేదు. మన కంటికి తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ పనిచేస్తున్నట్టు కనబడుతుంది గాని, ప్రాసెసర్ ఎక్కువ సేపు పని కోసం కూర్చునే ఉంటుంది.

అసలు ఆదా వోల్టేజీలో ఉంది

వేగం తగ్గితే కరెంటు తగ్గుతుందని ఎవరైనా చెప్తారు. కానీ అసలు కిటుకు అంతకంటే లోపల ఉంది.

ప్రాసెసర్ లోపల కోట్ల కొద్దీ చిన్న చిన్న స్విచ్చులు ఉంటాయి. వాటిని ట్రాన్సిస్టర్లు అంటారు. ఒక్కో స్విచ్చు మారినప్పుడు ఒక చిన్న గిన్నె నింపి ఒలకబోసినంత విద్యుత్తు ఖర్చవుతుంది. గడియారం ఎంత వేగంగా కొట్టుకుంటే అన్నిసార్లు గిన్నెలు నిండాలి, ఒలకాలి. తర్వాతి దెబ్బ పడేలోపల గిన్నె నిండకపోతే లెక్క తప్పుతుంది.

మన చాల్‌లో నల్లా సంగతి తీసుకోండి. నీళ్లు పది నిమిషాలే వస్తాయి, ఇరవై బిందెలు నిండాలి అంటే ప్రెషర్ గట్టిగా ఉండాలి. గంట సేపు వస్తాయంటే సన్నటి ధార అయినా చాలు. ప్రాసెసర్‌లో ఆ ప్రెషరే వోల్టేజీ. వేగంగా పోవాలంటే వోల్టేజీ ఎక్కువ కావాలి. నెమ్మదిగా పోయినా చాలు అంటే వోల్టేజీని కూడా దించవచ్చు.

ఇక్కడే లాభం ఉంది. స్విచ్చులు మారడానికి అయ్యే ఖర్చు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. అంటే వోల్టేజీ సగమైతే ఆ ఖర్చు సగం కాదు, పావు వంతు అవుతుంది. దానికి తోడు వేగం తగ్గినందుకు తగ్గేది వేరే.

నిజమైన అంకెలే చూద్దాం. 2000 సంవత్సరం జనవరిలో ఇంటెల్ కంపెనీ ల్యాప్‌టాప్‌ల కోసం స్పీడ్‌స్టెప్ అనే పద్ధతి తెచ్చింది. అప్పటి పెంటియం 3 ప్రాసెసర్ ప్లగ్గులో ఉంటే 650 మెగాహెర్ట్జ్ వేగంతో, 1.6 వోల్టుల మీద నడిచేది. ప్లగ్గు తీసి బ్యాటరీ మీద పెడితే 500 మెగాహెర్ట్జ్‌కు, 1.35 వోల్టులకు దిగేది. వేగంలో పోయింది నాలుగో వంతు కంటే తక్కువ. కానీ లెక్క వేస్తే స్విచ్చుల ఖర్చు దాదాపు 45 శాతం తగ్గింది. పావలా ఇచ్చి అర్ధ రూపాయి మిగిలించుకున్నట్టు.

అప్పట్లో ఉన్నవి రెండే మెట్లు. ప్లగ్గు ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. 2003లో పెంటియం ఎం వచ్చేసరికి మెట్లు పెరిగాయి. 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర 1.484 వోల్టులు, అట్లా దిగుతూ దిగుతూ 600 మెగాహెర్ట్జ్ దగ్గర 0.956 వోల్టులు. పై మెట్టు మీద 24.5 వాట్ల వేడికి తగ్గట్టు ఫ్యాను పెట్టాల్సిన ప్రాసెసర్, కింది మెట్టు మీద 6 వాట్లకు వచ్చింది. పని ఎంత ఉందో చూసి ఆ మెట్లెక్కించడం, దించడం అన్నీ విండోస్ లాంటి సాఫ్ట్‌వేరే చూసుకునేది.

2015 నుంచి, అంటే పైన చెప్పిన ఐ5 6300యూ తరం నుంచి, ఆ నిర్ణయాన్ని చాలావరకు ప్రాసెసర్ తనంత తానే తీసుకునే ఏర్పాటు వచ్చింది. మాస్టరు వచ్చి చెప్పేదాకా ఆగకుండా కార్మికుడే సాంచ చూసి సర్దుకున్నట్టు. వేగం పెంచడం, దించడం సెకనులో కొన్ని వేల వంతుల్లో అయిపోతుంది. మీ బిడ్డ మీట నొక్కి, కన్ను మూసి తెరిచేలోపల ప్రాసెసర్ పైకి పోయి పని చేసి కిందికి కూడా వచ్చేస్తుంది. అందుకే 0.8 అనే అంకె చూసి బాధపడనక్కర్లేదు. ఆ అంకె ఖాళీగా ఉన్న సమయానిది.

నెమ్మదించడమే కాదు, నిద్ర కూడా

వేగం ఎంత తగ్గించినా ఒక ఖర్చు మిగిలిపోతుంది. స్విచ్చులు మారకుండా ఊరికే ఉన్నా వాటిలోంచి కొద్దికొద్దిగా కరెంటు కారిపోతుంది. కట్టేసిన నల్లా నుంచి చుక్కలు పడ్డట్టు. ఒక చుక్కే కదా అనుకుంటాం, కానీ కోట్ల నల్లాలున్నప్పుడు ఆ చుక్కలే బకెట్లవుతాయి.

అందుకని ప్రాసెసర్లకు నిద్ర నేర్పారు. ఆ నిద్రలోనూ మెట్లున్నాయి. మొదటిది కునుకు. గడియారం ఆపేస్తుంది, కానీ కరెంటు ఉంటుంది, పిలిస్తే వెంటనే లేస్తుంది. చివరిది గాఢ నిద్ర. కోర్ అనే ఒక్కో పని విభాగానికి కరెంటే తీసేస్తారు. ఇంటెల్‌లో 2008 నాటి నెహలేం తరం నుంచి ఒక కోర్ పనిచేస్తుంటే పక్క కోర్‌కు విడిగా ఇట్లా కరెంటు కోసేసే వీలు వచ్చింది. ఒక ఖాతాలో పని లేకపోతే ఆ ఖాతా మెయిన్ స్విచ్చు దించి, మిగతావి నడిపించినట్టు. కరెంటు పోతే లోపలున్న లెక్క పోతుంది కదా, అందుకని పడుకునేముందు చేస్తున్న పని ఎక్కడిదాకా వచ్చిందో పక్కన భద్రంగా రాసిపెట్టి పోతుంది. పాలి మారేటప్పుడు సాంచ సంగతి వచ్చేవాడికి చెప్పి పోయినట్టే. లేచాక అక్కడినుంచే అందుకుంటుంది.

నిద్ర వచ్చాక ఇంకో తెలివి పుట్టింది. కొన్ని పనులకు మెల్లగా సాగదీయడం కంటే, గబగబా ముగించి గాఢ నిద్రలోకి పోవడమే చవక. ఎందుకంటే మేలుకుని ఉన్నంతసేపూ ప్రాసెసర్‌తో పాటు చుట్టుపక్కల భాగాలు కూడా మేలుకునే ఉండాలి. అందుకే ఏదైనా పేజీ తెరిచినప్పుడు వేగం ఒక్కసారి ఎగిరి వెంటనే పడిపోవడం కనబడుతుంది. అది చెడిపోయిన లక్షణం కాదు. పని ముగించుకుని లైటు ఆర్పి పోయిన మనిషి లక్షణం.

మనకు మిగిలేదేంటి?

కరెంటు బిల్లు బాగా తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మామూలు పనిలో 6 వాట్లు తీసుకునే ల్యాప్‌టాప్, ఈ ఆదా లేకుండా 18 వాట్లు తీసుకుంటుందని అనుకుందాం. రోజుకు ఐదు గంటలు వాడితే తేడా నెలకు 1.8 యూనిట్లు. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్‌ల ముందు అదెంత?

అసలు లాభం బ్యాటరీలో ఉంది. 45 వాట్-అవర్ల బ్యాటరీ 6 వాట్ల మీద ఏడున్నర గంటలు వస్తుంది. 18 వాట్ల మీద రెండున్నర గంటలే. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ అరిగిపోయి 60 శాతమే మిగిలిందనుకోండి, అప్పుడు నాలుగున్నర గంటలా, గంటన్నరా అన్నదే తేడా. కరెంటు పోయిన రోజున ఆన్‌లైన్ పరీక్ష ఉంటే ఆ మూడు గంటలే ఆ పిల్ల సంవత్సరం. ఒకే గది, ఒకే ప్లగ్గు, దానికే మిక్సీ, ఫోన్లు, ఇస్త్రీ ఉండే ఇళ్లల్లో బ్యాటరీ విలువ వేరే చెప్పాలా.

రెండో లాభం వేడి. కరెంటు తక్కువ పోతే వేడి తక్కువ, ఫ్యాను తక్కువ తిరుగుతుంది, లోపలికి దుమ్ము తక్కువ లాగుతుంది, బ్యాటరీ కూడా చల్లగా ఉండి ఎక్కువ కాలం వస్తుంది.

అందుకే ఒక మాట. బస్తీలో కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు కొందరు, "స్పీడ్ పెంచుతా" అని పవర్ సెట్టింగుల్లోకి పోయి ప్రాసెసర్ కనీస వేగం 100 శాతం అని పెడతారు. అంకె 2.4 కంటే కిందికి దిగదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ టైపు చేసే వేగం పెరగదు, ఫేస్‌బుక్ ముందుగా తెరుచుకోదు. వేడి పెరుగుతుంది, బ్యాటరీ తగ్గుతుంది. ఖాళీ పుల్లీ మీద పట్టా తిప్పుకున్నట్టే. బ్యాలెన్స్‌డ్ అనే సెట్టింగు మీదే ఉంచండి.

నిజంగా జబ్బు ఉంటే ఎట్లా తెలుస్తుంది?

నెమ్మదించడం అంతా మంచిదే అని కాదు. ఖాళీగా ఉన్నప్పుడు నెమ్మదించాలి, పని పడితే లేవాలి. పని పడినా లేవకపోతేనే జబ్బు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్, ఆ తర్వాత సీపీయూ మీద నొక్కండి. యుటిలైజేషన్ అంటే ఎంత పని పడుతోందో. స్పీడ్ అంటే ఇప్పటి వేగం. బేస్ స్పీడ్ అంటే స్టిక్కర్ మీద వేగం. పని 5 శాతం ఉన్నప్పుడు వేగం 0.8 ఉంటే సంతోషించండి. పని 100 శాతానికి పోయినా వేగం 0.8 లోనో అంతకంటే కిందో ఉండిపోతే అప్పుడు చూడాలి.

మొదట చూడాల్సింది వేడి. ఐ5 6300యూ లాంటి ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి బలవంతంగా వేగం తగ్గించుకుంటుంది. మన ఇళ్లకు ఇది ఎక్కువ వర్తిస్తుంది. సాంచల పక్కన, స్పిన్నింగ్ మిల్లుల పక్కన ఉండేవాళ్ల ఇళ్లల్లో గాలిలోనే దూది నుసి ఉంటుంది. అది ఫ్యాను దగ్గర, గాలి బయటికి పోయే సందుల దగ్గర మేటవేసి నమ్దాలాగా గట్టిపడుతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టినా గాలి సందులు మూసుకుపోతాయి. పీట మీద గాని, చెక్క మీద గాని పెట్టండి. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించండి. ప్రాసెసర్ మీద పూసే పేస్టు పాతబడి ఎండిపోతే కొత్తది పూయించండి. ఇది చిన్న పని, ప్రాసెసర్ మార్చే పని కాదు.

రెండోది చార్జర్. కొన్ని ల్యాప్‌టాప్‌లు చార్జర్ తమదేనా కాదా అని గుర్తుపడతాయి. గుర్తుపట్టలేకపోతే ప్రాసెసర్‌ను కింది మెట్టు మీదే కట్టేస్తాయి. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూస్తే వేగం లేస్తోందా? అయితే అనుమానం చార్జర్ మీదే.

మూడోది, ఎక్కువసార్లు దొంగ ప్రాసెసరే కాదు. అదే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్నది మాటిమాటికీ 100 శాతం చూపిస్తే, లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్ వెనకబడుతోందని అర్థం. మెమరీ నిండిపోతుంటే ర్యామ్ చాలడం లేదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టిస్తే పాత ల్యాప్‌టాప్‌కు వచ్చే ప్రాణం వేరు. ఖర్చు పెట్టాలనుకుంటే పెట్టాల్సిన చోటు అది.

ఒక జాగ్రత్త మాత్రం వెంటనే పాటించండి. కీబోర్డుగాని, వేలితో రుద్దే పలకగాని పైకి ఉబ్బినట్టు కనబడితే లోపల బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అది వేగం సంగతి కాదు, నిప్పు సంగతి. చార్జింగు ఆపి, వాడకుండా దుకాణానికి తీసుకుపోండి. ఇంట్లో విప్పకండి, గుచ్చకండి.

దుకాణంలో అడగాల్సిన మాటలు

రిపేరుకు పోయినప్పుడు మొహమాటం వద్దు. పని ఎక్కువ పెట్టి, నా ముందే వేగం ఎంతదాకా పోతుందో చూపించండి అనండి. వేడి ఎంత ఉందో చూపించండి అనండి. డిస్క్, మెమరీ ఎంత నిండాయో చూపించండి అనండి. మార్చాలన్న సామాను ఏదో కాగితం మీద రాసి, పాత సామాను తిరిగి చేతికిమ్మనండి. నిజాయితీగా పనిచేసే మేస్త్రీ ఈ నాలుగింటికీ కోపం తెచ్చుకోడు, సంతోషంగా చూపిస్తాడు. అట్లా చూపించేవాళ్లు మన బస్తీల్లోనే ఉన్నారు, వాళ్ల దగ్గరికే పోదాం.